సీరియల్ వేళ, చదువు వేళ ఒకటే అయినప్పుడు

సంపాదకులకు,

బడిలో తల్లిదండ్రుల సమావేశం పెడితే చాలు, టీవీ వల్ల పిల్లలు చెడిపోతున్నారన్న మాట వస్తుంది. ఏ వయసు పిల్లలు, ఏ కార్యక్రమం, ఏ వేళ అని మాత్రం ఎవరూ అడగరు. 2020 సెప్టెంబరులో బడులు మూతపడి ఉన్నప్పుడు దూరదర్శన్ యాదగిరి, తెలంగాణ ప్రభుత్వ టీ-శాట్ ఛానళ్ల పాఠాలు పిల్లలకు చేరింది ఈ టీవీలోనే కదా.

రెండేళ్ల లోపు పిల్లలకు టీవీ అసలే వద్దని, ఐదేళ్ల దాకా రోజుకు గంట దాటొద్దని పిల్లల వైద్యుల జాతీయ సంఘం చెబుతోంది. పాలమూరు పల్లెల్లో ఈ లెక్క పాటించడం తేలిక కాదు. అమ్మానాన్న వలస పోతే పిల్లలు అవ్వ దగ్గర ఉంటారు. ఆమె వంట చేసుకునేదాకా చంటివాణ్ని ఒకచోట కూర్చోబెట్టేది టీవీయే. ఆమెను తప్పుపట్టి లాభం లేదు. అయితే ఆ వయసులో మాటలు వచ్చేది ఎదుటి మనిషితో మాట్లాడితేనే. ఎవరూ చూడకపోయినా టీవీ మోగుతూ ఉంటే పెద్దలు పిల్లలతో మాట్లాడడం తగ్గుతుంది. కాబట్టి చూసేవాళ్లు లేనప్పుడు, అన్నం తినేటప్పుడు టీవీ కట్టేయాలి. మొదట ఈ రెండూ చేస్తే చాలు. పిల్లలు టీవీ దగ్గరికి జరిగి చూస్తుంటే కసురుకునే ముందు కళ్లు పరీక్ష చేయించండి, దూరం చూపు ఆనకపోవడం వల్ల కావచ్చు.

సెట్‌టాప్ బాక్సులో ఛానళ్లకు తాళం వేసే సౌకర్యం ఉంది. మెనూలో సెట్టింగ్స్‌కు పోతే పేరెంటల్ లాక్ అని కనిపిస్తుంది. చాలా బాక్సులకు పిన్ 0000 అనో 1234 అనో వస్తుంది, దాన్ని మార్చకపోతే ఐదో తరగతి పిల్లవాడు కూడా తీసేస్తాడు. స్మార్ట్ టీవీలో యూట్యూబ్‌కు ఈ తాళం పనిచేయదు, అక్కడ పిల్లల ప్రొఫైల్ విడిగా పెట్టుకోవాలి.

ఇంట్లో ఎంత జాగ్రత్తపడినా రాత్రి భోజనాల వేళ హత్యను నటులతో మళ్లీ ఆడించి చూపే వార్తా కార్యక్రమాన్ని ఏం చేయాలి? కేబుల్ టీవీ నిబంధనలు-1994లోని 6వ నిబంధన ప్రకారం, పిల్లలకు తగనివాటిని వాళ్లు ఎక్కువగా చూసే వేళ ప్రసారం చేయకూడదు. 2021 సవరణతో ఫిర్యాదుకు గడువులు కూడా వచ్చాయి. ముందు ఛానల్‌కే రాయాలి. ఫిర్యాదు అందినట్టు ఛానల్ 24 గంటల్లో తెలపాలి, 15 రోజుల్లో తేల్చాలి. ఆ జవాబు సరిపోకపోతే మరో 15 రోజుల్లోగా ఆ ఛానల్ సభ్యత్వమున్న స్వీయ నియంత్రణ సంస్థకు, అంటే ఛానళ్లు తమపై తామే నిఘాకు పెట్టుకున్న సంస్థకు, అప్పీలు చేసుకోవచ్చు. ఆ సంస్థ 60 రోజుల్లో తేల్చాలి. వినోద ఛానళ్లకు, వార్తా ఛానళ్లకు ఈ సంస్థలు వేర్వేరు.

ఇలాంటి ఫిర్యాదులు వీగిపోయేది రాసే తీరులోనే. ‘మీ సీరియళ్లు బాగాలేవు’ అంటే ఎవరూ పట్టించుకోరు. ఛానల్, కార్యక్రమం, తేదీ, గంట నిమిషాలతో సహా వేళ, ఆ దృశ్యంలో ఏముంది, ఏ నిబంధనకు విరుద్ధం అన్నవన్నీ ఉండాలి. ప్రసారమైనదాన్ని ఛానల్ దాచి ఉంచాల్సింది 90 రోజులే కనుక ఆ వారంలోనే రాసేయడం మేలు.

ఊళ్లోని లోకల్ కేబుల్ ఛానల్‌లో తగని సినిమా వేస్తే దారి ఇంకా దగ్గర. కేబుల్ టీవీ చట్టం కింద చర్య తీసుకునే అధికారం కలెక్టర్‌కు, ఆర్డీఓకు ఉంది. మిర్యాలగూడ వాళ్లు హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు. ఈ ఫిర్యాదుల కోసం కలెక్టర్ అధ్యక్షతన జిల్లా పర్యవేక్షణ కమిటీ ఉండాలని కేంద్రం ఎప్పుడో చెప్పింది. నల్లగొండ, మహబూబ్‌నగర్ కలెక్టర్లు ఆ కమిటీ సభ్యులెవరో, కాగితం ఎక్కడ ఇవ్వాలో పంచాయతీ, బడి నోటీసు బోర్డులపై పెట్టించాలని కోరుతున్నాం.

– కొందరు ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయులు, నల్లగొండ