పటాన్‌చెరు పరిశోధనకు మన డబ్బూ పెట్టాలి

సంపాదకులకు నమస్కారం.

అమెరికా తన విదేశీ సాయం సంస్థ యూఎస్‌ఎయిడ్‌ను 2025 జులై 1న మూసేసింది. బ్రిటన్ కూడా విదేశీ సాయాన్ని 2027 నాటికి జాతీయాదాయంలో 0.5 శాతం నుంచి 0.3కి దించుతామంది. మందులు, తిండిగింజలు ఆగిపోతాయని అందరూ రాశారు. పేద దేశాల పంటలపై జరిగే పరిశోధన ఏమవుతుందో మాత్రం పెద్దగా ఎవరూ అడగలేదు. దాని విలువ తెలియాలంటే మా ప్రకాశం జిల్లా శనగ చేలు చూడాలి.

నల్లరేగడిలో వానలు వెళ్లాక మిగిలిన తేమతోనే శనగ పండాలి. ఆలస్యంగా కాసే రకమైతే చివర్లో ఎండ దెబ్బకు గింజ కట్టదు. దానికి తోడు ఎండు తెగులు. నేలలోని శిలీంధ్రం వేరు పట్టిందంటే పచ్చటి మొక్క నిలువునా వాడిపోతుంది, పైన ఎంత మందు కొట్టినా లాభం ఉండదు. ఆసియా, ఆఫ్రికా మెట్ట పంటలపై దాతల డబ్బుతో పరిశోధన చేసే అంతర్జాతీయ సంస్థ ఇక్రిశాట్ హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరులో ఉంది. అక్కడ ఈ తెగులును కావాలనే పెంచి పోషించే మడి ఉంది. రకరకాల శనగలు అందులో విత్తి, చావగా మిగిలినవాటినే ముందుకు తీసుకెళ్తారు. ఇలా ఒక రకం రైతు చేతికి రావడానికి పదేళ్లయినా పడుతుంది. ఇక్రిశాట్, జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి తెచ్చిన జేజీ 11 అలా వచ్చిందే. సుమారు వంద రోజుల్లో కోతకొస్తుంది, తెగులుకు తట్టుకుంటుంది. ప్రకాశం, కర్నూలు రైతులు దాన్ని ఊరికే నెత్తిన పెట్టుకోలేదు.

‘మన రైతుకే దిక్కు లేదు, ఆఫ్రికా గొడవ మనకెందుకు’ అనేవాళ్లుంటారు. ఇక్రిశాట్ తెచ్చిన ఐసీసీవీ 2 కాబూలీ శనగ మన దగ్గర శ్వేత, మయన్మార్‌లో యెజిన్ 3, సూడాన్‌లో వాద్ హమీద్ అన్న పేర్లతో రైతులకు అందింది. ఇక్రిశాట్ జన్యు బ్యాంకులో నూటికి పైగా దేశాల నుంచి వచ్చిన లక్షకు పైగా విత్తన నమూనాలున్నాయి. రేపు మన చేలల్లో కొత్త తెగులు పడితే, విరుగుడు ఏ దేశపు నాటు రకంలో దొరుకుతుందో ఎవరు చెప్పగలరు?

విత్తనం ఒక్కటే సరిపోదు, నిజమే. ధర లేక శనగ బస్తాలు శీతల గిడ్డంగుల్లో మూలిగిన సంగతి మా జిల్లాలో ఎవరినడిగినా చెబుతారు. అది మార్కెట్ చూసేవాళ్లు తేల్చాల్సిన లెక్క. దాన్ని చూపించి పరిశోధన దండగ అనడం అన్యాయం.

1972లో ఇక్రిశాట్ పెట్టినప్పుడు మన ప్రభుత్వం భూమి ఇచ్చింది. ఇప్పుడు దాతలు తప్పుకుంటున్నారు కాబట్టి కేంద్రం డబ్బు కూడా పెంచాలి. అదీ రెండు మూడేళ్ల ప్రాజెక్టుల లెక్కన కాకుండా, కనీసం పదేళ్ల హామీతో. యంత్రంతో కోయడానికి వీలుగా నిటారుగా పెరిగే ఎన్‌బీఈజీ 47 శనగను ఇచ్చిన నంద్యాల పరిశోధన స్థానానికి కూడా రాష్ట్ర ప్రభుత్వం అలాగే నిధులివ్వాలి.

– ఒక విశ్రాంత వ్యవసాయ అధికారి, ఒంగోలు