14416కి ఫోన్ చేస్తే ఏమవుతుందంటే

బిడ్డా,

పొద్దున ఫోన్‌లో నువ్వు గొంతు తగ్గించి మాట్లాడుతుంటే మీ రూమ్మేట్ పక్కనే ఉందని అర్థమైంది. అందుకే నేనూ పొడిపొడిగా మాట్లాడి పెట్టేశాను. మనసు బాగాలేనివాళ్ళ కోసం పెట్టిన 14416 హెల్ప్‌లైన్‌కి మీ రూమ్మేట్ కోసం చేస్తే పోలీసులు వస్తారా, ఇంట్లో చెప్పేస్తారా అని అడిగావు. డ్యూటీకి వెళ్ళేలోపు ఇది రాసి వాట్సాప్‌లో పెడుతున్నాను. ఆమె లేనప్పుడే చదవాలని ఏమీ లేదు, ఇద్దరూ కలిసి చదివినా సరే.

గ్రూప్స్ లిస్టులో పేరు లేదని బాధపడటం వేరు. కోచింగ్ సెంటర్లుండే మీ అశోక్‌నగర్‌లో ఆ బాధ తెలియని గది ఉండదు. కానీ ఆ పిల్ల తిండి మానేసింది, పుస్తకాలన్నీ ఎవరికో ఇచ్చేసింది, "నేను లేకపోతే ఇంట్లోవాళ్ళకు ఖర్చు తగ్గుతుంది" అంటోంది. ఆ మాటను తేలిగ్గా తీసుకోకు. "ఊరికే అంటారులే" అని మనవాళ్ళు అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఊరికే అన్నారనుకున్నవాళ్ళనే కదా మా క్యాజువాలిటీకి మోసుకొస్తారు.

అందుకని ఈ రాత్రి ఆమెను ఒంటరిగా వదలకు. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగానే అడుగు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అలా ఏమీ జరగదు. ఎవరో ఒకరు అడిగారు కదా అని గుండె బరువు దిగుతుంది. ఆమె చెప్పేటప్పుడు సర్దిచెప్పబోకు, మళ్ళీ రాయొచ్చులే అనకు. విను, అంతే.

తర్వాత 14416కి చేయండి. టెలి మానస్ అంటారు. 2022 అక్టోబర్ 10న మొదలైంది. కేంద్ర ప్రభుత్వానిదే, బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ళు ముందుండి నడిపిస్తారు. డబ్బులేమీ పడవు, రాత్రీ పగలూ ఉంటుంది. భాష ఎంచుకోమన్నప్పుడు తెలుగు ఎంచుకుంటే, శిక్షణ తీసుకున్న కౌన్సెలర్ మాట్లాడతారు. ఆమె చేయనంటే నువ్వే చెయ్యి. మా ఫ్రెండ్ ఇలా ఉంది, ఏం చేయమంటారు అని అడిగేవాళ్ళకూ వాళ్ళు సాయం చేస్తారు.

ఏం మాట్లాడాలో ముందే అనుకోనక్కర్లేదు. కాసేపు ఏడ్చినా ఆగుతారు. ఏం జరిగింది, ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది, పక్కన ఎవరైనా ఉన్నారా, ఏమైనా చేసుకోవాలని అనుకుంటున్నారా, ప్రమాదమైనవేవైనా చేతికి అందేలా ఉన్నాయా అని అడుగుతారు. పోలీసు ఎంక్వైరీలా అనిపించొచ్చు, కానీ ప్రమాదం ఎంత దగ్గరలో ఉందో తెలిస్తేనే సాయం చేయగలరు. ఆ తర్వాత ఈ రాత్రి ఎలా గడవాలి అన్నదాని మీదే మాట ఉంటుంది. ఎవరి దగ్గర పడుకోవాలి, ఏవి దూరంగా పెట్టాలి, పొద్దున ఎవరిని కలవాలి. మందులు అవసరమనిపిస్తే సైకియాట్రిస్టుకు కలుపుతారు, దగ్గర్లోని ఆస్పత్రికి పంపిస్తారు. ప్రాణం మీదికి వచ్చిందనిపిస్తే మాత్రం దేనికీ ఆగకుండా 108కి చెయ్యి.

పోలీసుల భయం ఎక్కడిదో నాకు తెలుసు. ప్రయత్నం చేసి ఆస్పత్రికి వచ్చినవాళ్ళకు మేం ఎంఎల్‌సీ, అంటే మెడికో లీగల్ కేసు, రాసి పోలీస్ స్టేషన్‌కు తెలియజేస్తాం. అది చూసి జనం అన్నిటికీ భయపడతారు. మనసు బాగాలేదని ఫోన్ చేయడం నేరం ఎప్పుడూ కాదు. ప్రయత్నించినవాళ్ళ విషయంలో కూడా 2017 మానసిక ఆరోగ్య చట్టంలోని 115వ సెక్షన్, ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ, శిక్షించడం కాదు, ప్రభుత్వం వైద్యం చూపించాలనీ చెప్తుంది. ఆత్మహత్యాయత్నాన్ని నేరమన్న పాత ఐపీసీ 309 సెక్షన్‌ని, ఐపీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోకి తీసుకోనేలేదు. ఇక ఇంట్లో చెప్పడం అంటావా, మాటలు గోప్యంగానే ఉంచుతారు. ప్రాణాపాయం ఉన్నప్పుడు మాత్రం కాపాడటానికి ఇంకొకరికి చెప్పాల్సి రావచ్చు. ఆ సంగతి ఆమెకు దాచకుండా చెప్పు.

ఫోన్‌లో మాట్లాడితే ఏమవుతుంది, ఉద్యోగం వస్తుందా అని ఆమె అనొచ్చు. రాదు. రిజల్ట్ కూడా మారదు. అయినా ఎందుకు చేయమంటున్నానంటే, 1953లో లండన్‌లో చాద్ వారా అనే పాస్టర్ ఇలాంటి ఫోన్ లైన్ మొదటగా పెట్టాడు. బతుకు మీద విరక్తి కలిగినవాళ్ళు ఆయన్ను కలవడానికి వచ్చి బయట కూర్చునేవారు. అక్కడ సాయానికి వచ్చిన మామూలు మనుషులు వాళ్ళకు టీ ఇచ్చి, చెప్పింది వినేవారు. చాలామంది ఆ మాటలతోనే తేలికపడి, ఆయన్ను కలిసే అవసరం లేకుండానే వెళ్ళిపోయేవారట. దాంతో ఆయన ఫోన్ల పని ఆ మామూలు మనుషులకే అప్పగించాడు. సమారిటన్స్ సంస్థ అలా నిలబడింది. మన హైదరాబాద్‌లో రోష్ని, చెన్నైలో స్నేహ కూడా వాలంటీర్లతో ఆ దారిలోనే నడుస్తున్నాయి. చచ్చిపోవాలనే తీవ్రత చాలామందిలో వరద లాంటిది, ఉధృతంగా వచ్చి తీస్తుంది. అది తీసేదాకా పక్కన ఒక మనిషి ఉండాలి. ఒక్కోసారి లైన్ బిజీగా ఉండొచ్చు, ఎత్తినవాళ్ళ మాట మనసుకు పట్టకపోవచ్చు. మళ్ళీ చేయండి.

ఇంకొకటి, ఇది నీ కోసం. రేపు నీకే అలా అనిపిస్తే, ముందు అమ్మకే చెప్పాలని ఏం లేదు. నేను ఏడుస్తాననో, నాన్న బీపీ పెరుగుతుందనో నువ్వు మింగుకుంటావు, నాకు తెలుసు. ముక్కూమొహం తెలియనివాళ్ళకు చెప్పడమే సులువైతే వాళ్ళకే చెప్పు. నాకంటే ముందు వాళ్ళకు చెప్పావని నేను చిన్నబుచ్చుకోను. నువ్వు ఎవరికో ఒకరికి చెప్పడమే నాకు కావాలి. కోచింగ్ ఫీజు గురించి, సంబంధాల గురించి మన ఇంట్లో ఎవరు ఏమన్నా, వాటిలో ఏదీ నీ ప్రాణం కంటే పెద్దది కాదు.

వాళ్ళ ఇంట్లో ముందుగా ఎవరికి చెప్పాలో ఆ పిల్లనే అడుగు. వాళ్ళ అక్క అయితే నయమనుకుంటా. నన్ను మాట్లాడమంటే నేనే ఫోన్ చేసి నెమ్మదిగా చెప్తాను. ఎల్లుండి నాకు ఆఫ్ ఉంది, మొదటి బస్సుకి బయల్దేరి వస్తాను. ఆస్పత్రికి వెళ్ళాలంటే ముగ్గురం కలిసి వెళ్దాం. రాత్రి డ్యూటీలో ఉన్నా ఫోన్ దగ్గరే పెట్టుకుంటాను. 14416కి చేశాక నాకు ఒక మెసేజ్ పెట్టు.

అమ్మ