సాయంత్రం సర్వీసుల ఆలస్యం, రాత్రి తిరుగు ట్రిప్పుల రద్దుపై ఫిర్యాదు

విశాఖపట్నం

మేనేజర్ గారికి,
సిటీ సర్వీసుల విభాగం

విషయం: బీచ్ రోడ్డు, సిరిపురం, జగదాంబ వైపు సాయంత్రం బస్సుల వేళలు సరిచేయాలని, రాత్రి ఆఖరి ట్రిప్పులు చెప్పకుండా తీసేయడం ఆపాలని కోరుతూ.

అయ్యా,

సాయంత్రం బస్సు ఎందుకు ఆలస్యమైందని అడిగితే మీ విచారణ కౌంటర్‌లో వచ్చే జవాబు ఒక్కటే: "ట్రాఫిక్ అండీ." ఆసిల్‌మెట్ట నుంచి సిరిపురం దాకా, జగదాంబ చుట్టుపక్కల ఆరు దాటాక బండి కదలదని మాకూ తెలుసు. అయితే ఆ రద్దీ రోజూ అదే వేళకు అదే చోట ఉంటుంది. ముందే తెలిసిన రద్దీని షెడ్యూల్లో కలపకపోతే ఆ తప్పు రోడ్డుది కాదు, షెడ్యూలు వేసినవారిది.

లెక్క వేసి చూడండి. ఒక రూటులో పోవడానికి 50 నిమిషాలు, రావడానికి 50, రెండు చివర్లా పదేసి నిమిషాల విరామం అనుకుందాం. రౌండుకు 120 నిమిషాలు. 8 బస్సులు వేస్తే పావుగంటకొకటి తిరుగుతుంది. మధ్యాహ్నం దీనికి ఢోకా లేదు. సాయంత్రం ఒక్కో వైపు 65 నిమిషాలు పడితే రౌండు 150కి చేరుతుంది. పావుగంటకొక బస్సు నిలవాలంటే అప్పుడు 10 బండ్లు కావాలి. ఉన్న ఎనిమిదింటితో ఎంత క్రమంగా నడిపినా దాదాపు 19 నిమిషాల ఎడం వస్తుంది. డ్రైవర్ల విరామం మొత్తం కోసేసినా 16 నిమిషాలకు తగ్గదు. ఇప్పుడు జరుగుతున్నది ఆ కోతే. వచ్చిన బండిని వచ్చినట్టే తిప్పి పంపేస్తున్నారు. డ్రైవరుకు టీ తాగే తీరిక ఉండదు, ఒక ట్రిప్పులో పడిన ఆలస్యం తర్వాతి ట్రిప్పు నెత్తిన పడుతుంది. చివరి స్టాపులోని ఆ పది నిమిషాలు వృథా కాదండీ. పోయిన టైమును రాబట్టుకునే చోటు అదొక్కటే.

అరగంట దాకా ఒక్క బస్సూ రాక, వచ్చినప్పుడు రెండు వెంటవెంటనే రావడానికీ కారణం ఇక్కడే ఉంది. ఒక స్టాపుకు నిమిషానికి ఒకరు చొప్పున చేరుతున్నారనుకోండి. వేళకు వచ్చే బస్సుకు 15 మంది ఉంటారు, ఐదు నిమిషాలు వెనకబడిన బస్సుకు 20 మంది. మనిషి ఎక్కడానికి 4 సెకన్లు వేసుకున్నా ఆ స్టాపులోనే 20 సెకన్లు అదనం. పది స్టాపులు గడిచేసరికి మరో మూడు నిమిషాలకు పైగా పోతుంది. వెనక బస్సుకు జనం పలచబడతారు కనుక అది చకచకా వచ్చి ముందుదాన్ని అందుకుంటుంది. ముందు బండిలో ఫుట్‌బోర్డు మీద వేలాడుతుంటారు, వెనకదానిలో సీట్లు ఖాళీ. సమానంగా వచ్చే పావుగంట బస్సుకు సగటున ఏడున్నర నిమిషాలు నిలబడాలి. అవే బస్సులు జంటగా అరగంటకోసారి వస్తే 15 నిమిషాలు. మీకు డీజిలూ మిగలదు, బండ్లూ మిగలవు. మాకు మాత్రం నిరీక్షణ రెట్టింపు.

దీనికి కొత్త బస్సులు కొననక్కర్లేదు. మద్దిలపాలెంలోనో ఆర్టీసీ కాంప్లెక్స్‌లోనో సాయంత్రం 5 నుంచి 9 దాకా ఒక కంట్రోలర్‌ను నిలబెట్టి, వెనక బండిని రెండు మూడు నిమిషాలు ఆపే అధికారం ఇస్తే చాలు. ముందు బండిని తొందరపెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు, ఆపాల్సింది వెనకదాన్ని. కూర్చున్నవాళ్లు విసుక్కుంటారు, నిజమే. ఎందుకు ఆపారో కండక్టర్ ఒక్క మాట చెబితే ఊరుకుంటారు.

ఇక అసలు బాధ తిరుగు ప్రయాణంలో ఉంది. వెళ్లేటప్పుడు ఆలస్యమైతే సముద్రం దగ్గర కూర్చునే సమయం కొంత తగ్గుతుంది, లేదా సినిమాలో టైటిల్స్ పోతాయి. రావాల్సిన బస్సే రాకపోతే పిల్లలతో, పెద్దవాళ్లతో రోడ్డు మీద నిలబడాలి. ఫస్ట్ షో తొమ్మిది, తొమ్మిదింబావుకు వదులుతుంది. కళాభారతిలో కచేరీ అయినా, గురజాడ కళాక్షేత్రంలో నాటకం అయినా ఇంచుమించు ఆ వేళకే ముగుస్తుంది. సరిగ్గా అప్పుడే ట్రిప్పులు తెగుతున్నాయి. సినిమా హాలు పేరుతోనే జగదాంబ కూడలిని పిలుచుకునే ఊళ్లో ఫస్ట్ షో ఎప్పుడు వదులుతుందో బస్సులు వేసేవారికి తెలియకపోవడం విడ్డూరం.

ట్రిప్పు ఎందుకు తెగుతుందో కూడా మాకు తెలుసు. కార్మిక చట్టం ప్రకారం పని గంటలు రోజుకు 8, వారానికి 48. మధ్యలో విశ్రాంతి ఇవ్వాలి. సాయంత్రం పోగుపడిన ఆలస్యంతో డ్యూటీ గంటలు నిండిపోతాయి, ఆఖరి ట్రిప్పు వదిలేసి బండి డిపోకు పోతుంది. డ్రైవర్, కండక్టర్ల మీద మాకు ఫిర్యాదు లేదు. రాత్రిపూట అలసిన డ్రైవర్ చేత బలవంతంగా బండి నడిపించమని మేము అడగం. ఆఖరి రెండు ట్రిప్పులను సాయంత్రం డ్యూటీకి తోకలా తగిలించకుండా వేరే సిబ్బందికి ఇవ్వండి. ఏదో ఒకటి తీయక తప్పకపోతే ఏడింటి ట్రిప్పు తీయండి, దాని వెనక ఇంకోటి ఉంటుంది. తొమ్మిదిన్నర ట్రిప్పు వెనక ఏమీ ఉండదు. అప్పుడు ఆటోవాలా "రిటర్న్ ఖాళీగా రావాలి" అంటూ స్పెషల్ రేటు చెబుతాడు. భీమిలి వైపు వెళ్లేవారికైతే రుషికొండ దాటాక షేర్ ఆటో దొరకడమే కష్టం. పీఎం పాలెం స్టేడియంలో రాత్రి మ్యాచ్ ఉన్న రోజుల సంగతి వేరుగా చెప్పనక్కర్లేదు. మ్యాచ్ తేదీ నెలల ముందే తెలుస్తుంది.

నేవీ విన్యాసాలకు, వాటి రిహార్సల్స్‌కు పోలీసులు బీచ్ రోడ్డు మూసినప్పుడు బస్సులను పైరోడ్డుకు మళ్లిస్తున్నారు. మళ్లించడం తప్పదు. కాళీమాత గుడి దగ్గర స్టాపులో "ఈరోజు బస్సు ఇక్కడికి రాదు, ఫలానా చోట ఎక్కండి" అని ఒక అట్ట కట్టడానికి ఏమి అడ్డం?

మీ యాప్ ఇంకా అన్యాయం. డిపోకు వెళ్లిపోయిన బస్సు కూడా "4 నిమిషాల్లో" అని చూపిస్తుంది. జీపీఎస్ సిగ్నల్ అందనప్పుడు టైం టేబుల్‌లోని వేళను అసలు వేళలా చూపించడం వల్ల వచ్చే తప్పు ఇది. టైం టేబుల్ వేళకు ఒక రంగు, జీపీఎస్ వేళకు ఇంకో రంగు పెట్టండి. ట్రిప్పు రద్దయిన నిమిషంలోనే కంట్రోలర్ దాన్ని యాప్‌లో కొట్టేసేలా చూడండి. రాదని తెలిస్తే పది నిమిషాల ముందే వేరే దారి చూసుకుంటాం.

మా మాట మీద నమ్మకం లేకపోతే మీ టిక్కెట్ మిషన్లే తెరిచి చూడండి. ప్రతి టిక్కెట్టు మీద స్టేజి, టైము రెండూ పడతాయి. సాయంత్రం 5 నుంచి 10 దాకా ఏ బస్సు ఏ స్టేజి ఎప్పుడు దాటిందో వాటిలోనే ఉంది. ఆ లెక్కతో శని, ఆదివారాలకు, మిగతా రోజులకు వేర్వేరుగా రన్నింగ్ టైమ్ (ఒక చివర నుంచి ఇంకో చివరకు పట్టే సమయం) కట్టండి. మేము స్టాపుల్లో రాసుకున్న వేళల పట్టిక ఈ లేఖకు జత చేశాం, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

ఏ రూటులో ఆఖరి బస్సు ఎన్నింటికో, దానికి పూచీ ఎవరిదో, రద్దయితే నెల పాసు ఉన్నవారికి ఏమిస్తారో 30 రోజుల్లోగా రాతపూర్వకంగా తెలియజేయగలరు. "పరిశీలిస్తున్నాం" అన్న జవాబు మాత్రం వద్దు.

ఇట్లు,
సాయంత్రం సర్వీసుల ప్రయాణికులు

జత: స్టాపుల వారీగా బస్సు వేళల పట్టిక, యాప్ స్క్రీన్‌షాట్లు