మధురపూడి (రాజమండ్రి ఎయిర్‌పోర్ట్) నుంచి కువైట్‌కి వారానికి ఒక్క విమానం: కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి నమస్కారాలు.

మాది కోనసీమలో సఖినేటిపల్లి. పదకొండేళ్ళుగా కువైట్‌లో ఒక ఇంట్లో డ్రైవర్‌గా చేస్తున్నాను. మీది శ్రీకాకుళం కాబట్టి గల్ఫ్ బతుకుల గురించి మీకు నేను చెప్పేదేం లేదు. దారి గురించే రాస్తున్నాను.

మొన్న శుక్రవారం ఖాళీగా ఉండి ఫోన్‌లో దూరాలు చూశాను. కువైట్ నుంచి హైదరాబాద్‌కి గాలి మార్గాన దాదాపు 3,370 కిలోమీటర్లు, రాజమండ్రికి 3,700. రాజమండ్రికి ఐదు గంటలు పడుతుందని కూడా ఉంది. విమానం లేదు గానీ టైము మాత్రం ఉంది! హైదరాబాద్ కన్నా ఎక్కువయ్యేది మూడు వందల చిల్లర కిలోమీటర్లు, గాల్లో అరగంట. నేలమీద ఆ చిల్లరే నా ప్రాణం తీస్తోంది.

మొదటిసారి సెలవుకి వచ్చినప్పుడు తెల్లవారుజామున నాలుగింటికి శంషాబాద్‌లో దిగాను. నర్సాపురానికి రాత్రి రైలుకే టికెట్ దొరికింది. రెండు అట్టపెట్టెలు, ఒక దుప్పటి మూట పక్కన పెట్టుకుని పగలంతా సికింద్రాబాద్ స్టేషన్లో కూర్చున్నాను. బాత్రూమ్‌కి వెళ్ళాలన్నా ఎవరినో ఒకరిని సామాను చూడమని బతిమాలాలి. మర్నాడు పొద్దున నర్సాపురంలో దిగి, రేవులో పంటు ఎక్కి గోదారి దాటి ఇంటికి చేరేసరికి తొమ్మిదయింది. విమానంలో నాలుగున్నర గంటలు. దిగాక ఇరవై తొమ్మిది గంటలు.

ఇప్పుడు మా బావమరిది కారు మాట్లాడుకుని వస్తున్నాడు. రానూపోనూ బాడుగకి నా సగం నెల జీతం అయిపోతుంది. అమ్మ కూడా వస్తానంటుంది, సూర్యాపేట దాటేలోపే వాంతులు.

తిరుగు ప్రయాణంలో ఎదురుగాలి వల్ల విమానం ఇంకో అరగంట ఎక్కువ తీసుకుంటుంది. గాలికి కూడా మేం ఇంటికి రావడమే ఇష్టమేమో.

2024 డిసెంబరులో మధురపూడికి ముంబై విమానం వచ్చింది, సంతోషించాం. ఒకసారి అలా వచ్చాను కూడా. రెండూ వేర్వేరు టికెట్లు. కువైట్‌లో 30 కిలోలు ఒప్పుకున్నారు, ముంబైలో 15 దాటితే కట్టమన్నారు. పిల్లల కోసం తెచ్చిన పాలపొడి డబ్బాల బరువుకి వాటి ఖరీదు కన్నా ఎక్కువే కట్టాను.

మధురపూడి రన్‌వే 3,165 మీటర్లు. కువైట్ దాకా ఆగకుండా వెళ్ళే ఎయిర్‌బస్ 320 రకం విమానాలకు అది చాలు. విదేశీ కంపెనీలు రెండు దేశాల మధ్య విమానాల ఒప్పందంలో పేరున్న ఊళ్ళకే రాగలవు గానీ, మన కంపెనీలు మన దేశంలో ఎక్కడి నుంచైనా బయల్దేరవచ్చు. లేనిది ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్. 2023 డిసెంబరులో శంకుస్థాపన జరిగిన కొత్త టెర్మినల్‌లో వాటికి నాలుగు కౌంటర్ల చోటు ఇప్పించండి. సీట్లు నిండవని కంపెనీలు భయపడితే, 2018లో విజయవాడ–సింగపూర్ విమానానికి రాష్ట్రం చేసినట్టు, ఇప్పుడు మీరూ రాష్ట్రంతో కలిసి కొన్నాళ్ళు లోటు భరించండి. అది మరుసటి ఏడాదే ఆగిపోయిందని తెలుసు. కానీ సింగపూర్‌కీ కువైట్‌కీ తేడా ఉంది. రాజోలు, మలికిపురం, అంతర్వేది వైపు ఏ వీధిలో అడిగినా కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉన్న మనిషి పేరు చెబుతారు. వారానికి ఒక్క విమానం వేసి చూడండి. మధురపూడి నుంచి రావులపాలెం మీదుగా మా ఊరికి రెండున్నర గంటలు, మూడు గంటలు.

సంక్రాంతికి సెలవు దొరికింది. టికెట్ మళ్ళీ శంషాబాద్‌కే తీసుకున్నాను. బావమరిదికి కారు మాట్లాడమని చెప్పాను, అమ్మని మాత్రం ఈసారి తీసుకురావద్దన్నాను.

ఇట్లు,
సఖినేటిపల్లి వాసి, ప్రస్తుతం కువైట్