గట్టిపడని క్లియర్ కోట్, డబ్బా మీద రెండు తేదీలు

కాకినాడ,
24 మార్చి 2025.

వినియోగదారుల సేవా విభాగం మేనేజర్ గారికి,

విషయం: మీ 2కె (రెండు భాగాలు కలిపి వాడే) క్లియర్ కోట్ కిట్లలో రెండింటి హార్డెనర్ (క్లియర్‌ని గట్టిపరిచే ద్రవం) పాడైపోయి ఉండటం, దానివల్ల నా కారుకు జరిగిన నష్టం, మార్చి 11న మీరు పంపిన జవాబుపై అభ్యంతరం.

అయ్యా,

జనవరి 18న మీ వెబ్‌సైట్ నుంచి నేరుగా మూడు క్లియర్ కోట్ కిట్లు, అంటే రంగు మీద మెరుపు కోసం వేసే పారదర్శకమైన పూత కిట్లు, కొన్నాను. ఒకటి చక్కగా పనిచేసింది. మిగతా రెండూ పనిచేయలేదు. ఫిబ్రవరి 9న, ఆదివారం, వాటితో కారుకు క్లియర్ కొట్టాను. ఈరోజుకి 43 రోజులయింది. ఇప్పటికీ డోరు మీద వేలు ఆనిస్తే వేలిముద్ర పడుతోంది. మీకు మూడుసార్లు ఫోన్ చేశాను, రెండు మెయిల్స్ పంపాను. చివరికి వచ్చిన జవాబులో "ఇంటి దగ్గర షెడ్డులో చేసిన పనికి మా బాధ్యత ఉండదు, గాలిలో తేమ వల్ల ఇలా జరిగి ఉంటుంది" అని రాశారు. ఆ రెండు మాటలూ సరికావు. ఎందుకు సరికావో ఆధారాలతో రాస్తున్నాను. దయచేసి ఈసారి పూర్తిగా చదవండి.

ముందు కారు గురించి చెప్పాలి, ఎందుకంటే నష్టం ఎంతో దాన్నిబట్టే అర్థమవుతుంది. ఇది ప్రీమియర్ పద్మిని. మా నాన్నగారు 1987లో కొన్నారు. లేత నీలం రంగు. బొంబాయి కుర్లా ఫ్యాక్టరీలో తయారైన ఈ కార్లు ఇప్పుడు రావడం లేదు. 2023 అక్టోబర్‌లో ముంబై రోడ్ల మీద ఆఖరి పద్మిని టాక్సీలు కూడా ఆగిపోయాయి. అంటే ఒక డోరు పాడైతే షాపుకి వెళ్లి ఇంకో డోరు తెచ్చుకునే వీలు లేదు. ఉన్న రేకునే కాపాడుకోవాలి. నా కారు ఎడమవైపు ముందు డోరు దొరకడానికి నాకు ఏడు నెలలు పట్టింది. ఆ డోరు సంగతి మళ్లీ చెబుతాను, ఎందుకంటే మీ సలహా వల్ల ఎక్కువగా పాడైంది అదే.

మాది సముద్రం పక్క ఊరు. ఉప్పుగాలికి రేకు ఎలా తినేస్తుందో ఇక్కడివాళ్లకి చెప్పనక్కర్లేదు. నవంబర్‌లో కారుని విప్పదీసి చూస్తే డోర్ల కింది అంచులు, చక్రాల పైన ఉండే వంపులు, రెండు వైపులా డోర్ల కింద ఉండే సిల్స్ చిల్లులు పడి ఉన్నాయి. పద్మినికి వేరే ఛాసిస్ ఉండదు, బాడీయే బరువు మోస్తుంది. అందుకే సిల్స్ పైపైన పుట్టీ పెట్టి మూసేసే పని కాదు. తుప్పు పట్టిన భాగం కోసేసి, అదే మందం రేకు వంచి, సీఓటూ (కార్బన్ డయాక్సైడ్ గ్యాస్) వెల్డింగ్‌తో అతికించాలి. ఒకేచోట ఆగకుండా వెల్డింగ్ చేస్తే వేడికి రేకు మెలితిరుగుతుంది. అందుకే ఇక్కడో చుక్క, అక్కడో చుక్క పెట్టుకుంటూ, చల్లారాక మధ్యలో నింపుకుంటూ వచ్చాం. ఆ వెల్డింగ్ నేను చేయలేదు. ముప్పై ఏళ్లుగా టింకరింగ్ చేస్తున్న ఒక మేస్త్రి గారు మా ఇంటికే వచ్చి చేశారు. సొట్టలు ఆయనే తీశారు. వెనక దిమ్మె పెట్టి, ముందు నుంచి సుత్తితో మెల్లగా తడుతూ, అరచెయ్యి ఆనించి ఎత్తుపల్లాలు చూసుకుంటూ తీశారు. ఆయన చేతుల్లో ఎంత పనితనం ఉందో పక్కనే కూర్చుని మూడు వారాలు చూశాను. మీ జవాబులో "అనుభవం లేని పని" అన్న మాట ఉంది. ఆ మాట వెనక్కి తీసుకోవాలని కోరుతున్నాను.

వెల్డింగ్ అయిన తర్వాత పనంతా నాదే. నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఏ పని ఎందుకు చేస్తున్నానో తెలిస్తే తప్ప చేయను. పాత పెయింట్ అంతా 80 నంబర్ డిస్క్‌తో రేకు కనపడేదాకా తీశాను. ఇక్కడి గాలికి ఒట్టి రేకుని రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రబారుతుంది. అందుకని ఏ రోజు ఎంత రేకు తీస్తే ఆ సాయంత్రమే అంతమేర ఎపాక్సీ ప్రైమర్ (తుప్పు పట్టకుండా వేసే మొదటి పూత) కొట్టాను. పుట్టీ ఆ ప్రైమర్ మీదే పెట్టాను, ఒట్టి రేకు మీద కాదు. పుట్టీ తడి పీలుస్తుంది కాబట్టి దాన్ని ఎప్పుడూ నీళ్లతో రుద్దలేదు, పొడిగానే 80, 180, 320 పేపర్లతో రుద్దాను. తర్వాత రంగుకి ముందు ఉపరితలాన్ని చదును చేసే సర్ఫేసర్ రెండు కోట్లు. దాని మీద పల్చగా నల్ల రంగు చల్లి, పొడవాటి చెక్కకి వాటర్ పేపర్ చుట్టి రుద్దితే, పల్లం ఉన్నచోట నలుపు మిగిలిపోతుంది. అలా మిగిలిన ప్రతి చోటా మళ్లీ నింపి, మళ్లీ రుద్దాను. కుడివైపు వెనక మడ్‌గార్డ్ ఒక్కదానికే నాలుగు ఆదివారాలు పట్టాయి.

ఇక ఫిబ్రవరి 9. మధ్యాహ్నం మొదలుపెట్టాను. షెడ్డులో 30 డిగ్రీలు, తేమ 58 శాతం. మీటరు ఫోటో జత చేశాను. కంప్రెసర్‌కి నీళ్లు పట్టే ఫిల్టర్ ఉంది. బేస్ రంగు అంతకుముందే మూడు కోట్లు వేసి, మీరు రాసినంతసేపు ఆరనిచ్చాను. మీ డబ్బా మీద రాసినట్టే రెండు వంతుల క్లియర్‌కి ఒక వంతు హార్డెనర్, గీతలున్న కప్పులో కొలిచి కలిపాను. స్ప్రే గన్ నాజిల్ 1.3 మి.మీ. మొదటి కిట్‌తో బానెట్, డిక్కీ మూత కొట్టాను. రెండు, మూడు కిట్లతో టాప్, డోర్లు, మడ్‌గార్డ్‌లు కొట్టాను. అదే రోజు, అదే షెడ్డు, అదే గన్, అదే చెయ్యి.

మర్నాడు పొద్దున బానెట్, డిక్కీ మూత అద్దంలా గట్టిపడ్డాయి. మిగతా కారంతా జిగురు. దీనికి కారణం తేమే అయితే, ఒకే షెడ్డులో రెండు గజాల దూరంలో ఉన్న బానెట్‌ని వదిలేసి డోర్లనే ఎందుకు పట్టుకుంటుంది?

ఊహ మీద మాట్లాడటం నాకు ఇష్టం లేదు. అందుకని మూడు కిట్లలోనూ అడుగున మిగిలిన దానితో ఇంట్లో, ఫ్యాన్ కింద, గాజు పలకల మీద పరీక్ష చేశాను. మొదటి కిట్ క్లియర్, మొదటి కిట్ హార్డెనర్: మర్నాటికి గట్టిపడింది. రెండో కిట్ క్లియర్‌లో మొదటి కిట్ హార్డెనర్ కలిపాను: అదీ గట్టిపడింది. అంటే క్లియర్‌లో లోపం లేదు. మొదటి కిట్ క్లియర్‌లో రెండో కిట్ హార్డెనర్ కలిపితే పది రోజులైనా జిగురుగానే ఉంది. మూడో కిట్ హార్డెనర్‌తోనూ అంతే. ఆ పలకలన్నీ తేదీలు రాసి దాచి ఉంచాను.

దీనికి కారణం మీకు నేను చెప్పాల్సింది కాదు, కానీ మీ జవాబులో లేదు కాబట్టి రాస్తున్నాను. హార్డెనర్‌లో ఉండే ఐసోసైనేట్ క్లియర్‌లోని రెసిన్‌తో కలిసి గట్టిపడాలి. డబ్బాలోకి ముందే తేమ చేరితే ఐసోసైనేట్ ఆ తేమతోనే కలిసిపోతుంది. కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది, డబ్బా ఉబ్బుతుంది. ఇక రెసిన్‌తో కలవడానికి మిగిలేది కొంచెమే. ఆ రెండు డబ్బాలూ తెరిచినప్పుడు బుస్సుమని గాలి బయటికొచ్చింది. ఎండకి వేడెక్కి అలా వచ్చిందనుకున్నాను. అప్పుడే ఆగి ఉండాల్సింది, అది నా పొరపాటే. కానీ "డబ్బా ఉబ్బి ఉంటే వాడవద్దు" అన్న ఒక్క వాక్యం మీ లేబుల్ మీద లేదు.

ఇంకోటి చూడండి. ఆ రెండు డబ్బాల మీద తయారీ తేదీ 2024 అక్టోబర్ అని ఉంది. పని అయ్యాక థిన్నర్ తడికి ఒక డబ్బా స్టిక్కర్ అంచు లేచింది. దాని కింద ఇంకో స్టిక్కర్ ఉంది. దాని మీద 2021 మార్చి. రెండో డబ్బా కూడా తీసి చూశాను, అదీ అంతే. మొదటి కిట్ డబ్బాకి ఒకే స్టిక్కర్ ఉంది. ప్యాకింగ్ మీద ప్రకటించిన వివరాలను మార్చడానికి విడిగా స్టిక్కర్లు అంటించకూడదని 2011 నాటి లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ చెబుతున్నాయి. ఈ విషయం నా రెండు మెయిల్స్‌లోనూ ఫోటోలతో సహా రాశాను. మీ జవాబులో దీని గురించి ఒక్క అక్షరం లేదు. ఇది ఎక్కడ జరిగింది, ఎవరు చేశారు అన్నది మీరే తేల్చాలి. నేను మాత్రం మీ దగ్గర నుంచే కొన్నాను.

ఇప్పుడు ఎడమ డోరు సంగతి. ఫిబ్రవరి 14న మీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే, రెండు రోజులు ఎండలో పెట్టమన్నారు. పెట్టాను. మార్పు లేదు. 17న మళ్లీ చేస్తే, హార్డెనర్ కాస్త ఎక్కువ కలిపి పైన ఇంకో కోటు వేస్తే కిందది కూడా గట్టిపడుతుందన్నారు. నాకు నమ్మకం కలగలేదు. అయినా కంపెనీవాళ్లు చెబుతున్నారు కదా అని ఒక్క ఎడమ డోరు మీద ప్రయత్నించాను. పై కోటులోని థిన్నర్ కిందున్న పచ్చి పొరని లేపేసింది. పావుగంటలో డోరంతా ఎండిన నిమ్మతొక్కలా ముడతలు పడింది. ఇప్పుడు దాన్ని రేకు దాకా తీయాలి. జిగురు పొర పేపర్‌తో రుద్దితే రాదు, పేపరే అతుక్కుపోతుంది. థిన్నర్ గుడ్డలతో తుడిచి, రేకుతో గీకి తీస్తుంటే కింద బేస్ రంగు, సర్ఫేసర్ కూడా ఊడొస్తున్నాయి. నాన్నగారికి 78 ఏళ్లు. రోజూ పొద్దున వచ్చి డోరు మీద వేలు ఆనించి చూసి, ఏమీ మాట్లాడకుండా వెళ్లి కుర్చీలో కూర్చుంటున్నారు. ఆ నాలుగు నెలల పని ఆయన పక్కనే కూర్చుని చూశారు. మీకు పంపే లెక్కలో దీనికి ధర వేయలేను.

మీ జవాబులో నన్ను అన్నిటికన్నా బాధపెట్టింది ఇంటి దగ్గర చేసిన పనికి బాధ్యత లేదన్న మాట. కిట్ పెట్టె ముందువైపు పెద్ద అక్షరాలతో "ఇంట్లోనే షోరూమ్ మెరుపు" అని మీరే రాశారు. ఇంట్లో చేసుకునేవాళ్ల కోసమే అమ్మి, తేడా వచ్చాక ఇంట్లో ఎందుకు చేశారంటే ఎలా? పైగా ఆ కిట్‌లో మీరు పెట్టిన మాస్కు ఏమిటో ఒకసారి మీరే తీసి చూడండి. దుమ్ముకి వాడే పల్చటి కాగితం మాస్కు అది. స్ప్రే చేసేటప్పుడు గాలిలోకి వచ్చే ఐసోసైనేట్‌ని అది ఆపలేదు. ఐసోసైనేట్ ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఆస్తమా వచ్చే ప్రమాదం ఉంది. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే తర్వాత కొంచెం పీల్చినా ఊపిరాడదు. సగమే గట్టిపడిన పొరని రుద్దినా అదే ప్రమాదం. నేను చదువుకున్న సబ్జెక్ట్ కాబట్టి బయటి నుంచి మంచి గాలి అందించే మాస్క్ తెప్పించుకున్నాను, ఇంట్లోవాళ్లని ఆ రోజు మా చెల్లెలి ఇంటికి పంపించాను. ఏమీ తెలియని ఒక కుర్రాడు తన బైక్ ట్యాంకుకి మీ కిట్ కొని, మీరిచ్చిన కాగితం మాస్కు పెట్టుకుని, తలుపులేసిన గదిలో కొడితే ఏమవుతుంది? హెచ్చరిక మొత్తం ఇంగ్లీషులో, చీమ తలంత అక్షరాల్లో, డబ్బా అడుగున ఉంది. నా డబ్బుల కన్నా ఈ విషయానికే మీరు ముందు జవాబు చెప్పాలి.

నేను కోరుతున్నవి ఇవి. పాడైన రెండు కిట్ల ధర 5,300 రూపాయలు, మళ్లీ కొనాల్సిన బేస్ రంగుకి 4,400, సర్ఫేసర్, థిన్నర్, పేపర్లకి 3,900, సహాయకుడికి నాలుగు రోజుల కూలి 4,800. మొత్తం 18,400 రూపాయలు. బిల్లులు జత చేశాను. నా పనికి నేను ఏమీ అడగడం లేదు. ఆ రెండు డబ్బాల బ్యాచ్‌లో ఇంకా అమ్మకానికి ఉన్నవాటిని వెనక్కి తెప్పించి, కొన్నవాళ్లందరికీ తెలియజేయాలి. కాగితం మాస్కు కిట్‌లోంచి తీసేసి, ఎలాంటి మాస్కు కావాలో తెలుగుతో సహా మన భాషల్లో పెట్టె మీద స్పష్టంగా రాయాలి. రెండు స్టిక్కర్ల సంగతికి రాతపూర్వకంగా వివరణ ఇవ్వాలి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే 1915 నంబర్‌లో నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి, తూనికలు కొలతల శాఖకి ఫిర్యాదు చేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కి కూడా వెళ్తాను. వాడే విధానం గురించి, ప్రమాదం గురించి తగిన హెచ్చరిక ఇవ్వకపోతే తయారీదారుదే బాధ్యత అని ఆ చట్టంలో ఉంది. కేసు వేయాలని నాకు సరదా లేదు. కాలేజీ పరీక్షల పని, ఈ కారు పని, రెండూ మిగిలే ఉన్నాయి.

డబ్బాలు, స్టిక్కర్లు, గాజు పలకలు అన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. పోస్టులో పంపను. మీ టెక్నికల్ మనిషిని పంపండి, కారు చూపిస్తాను, ఆయన ముందే మళ్లీ పలకల పరీక్ష చేస్తాను. ఆదివారం రోజంతా, మిగతా రోజుల్లో సాయంత్రం నాలుగున్నర దాటాక ఇంట్లోనే ఉంటాను. మే నెలలో గాలిలో తేమ పెరగకముందే మళ్లీ పెయింట్ వేయాలి. కాబట్టి ఏప్రిల్ రెండో వారంలోపు వస్తే మేలు.

ఇట్లు,
మీ వినియోగదారు

జత: కొనుగోలు రసీదు, బిల్లులు, రెండు స్టిక్కర్ల ఫోటోలు, తేమ మీటరు ఫోటో, గాజు పలకల ఫోటోలు, మార్చి 11 నాటి మీ జవాబు నకలు.