రిమిని తీరం ఫ్యామిలీ హోటళ్ళు: మే 25కి ముందు బుకింగులు తీసుకోవడం లేదు

ఇటలీలో సముద్రం ఒడ్డున పిల్లలతో ఓ వారం ఉండి రావాలని అడుగుతున్నవాళ్ళందరికీ ఒకేసారి చెప్పేస్తున్నాం. రిమిని, రిచ్చోనె, చెసెనాతికో వైపు ఫ్యామిలీ హోటళ్ళకు ఈ వేసవి నుంచి మే 25కి ముందు చెకిన్ ఉంటే మేం బుక్ చెయ్యం. రేటు తక్కువే, గదులూ దొరుకుతాయి. అయినా చెయ్యం.

మన బడులకు సెలవులు ఏప్రిల్ 24 ప్రాంతంలో మొదలై జూన్ 11తో అయిపోతాయి. అక్కడ బడులు మూసేదే జూన్ మొదటి వారంలో. ఆ తీరమంతా నడిచేది వాళ్ళ సెలవుల లెక్కన. మే మొదట్లో తలుపులు తెరిచిన హోటల్లో కూడా పిల్లల ఆటపాటల మినీక్లబ్ మొదలవదు, పిల్లల్ని ఆడించే టీమ్ దిగదు, కొన్నిచోట్ల పూల్‌లో నీళ్ళే ఉండవు. సముద్రం 17, 18 డిగ్రీల దగ్గర ఉంటుంది. మన పిల్లలు మోకాళ్ళ దాకా దిగి వణుక్కుంటూ వెనక్కొస్తారు. లైఫ్‌గార్డులు కూడా మామూలుగా మే చివరి వారాంతం నుంచే వస్తారు. ఇవేవీ లేనప్పుడు ఫ్యామిలీ హోటల్ రేటు కట్టడం దండగ.

కాబట్టి హైదరాబాద్, విజయవాడ నుంచి వెళ్ళేవాళ్ళకు మిగిలేది మే 25 నుంచి జూన్ 10 దాకా. అందులోనూ జూన్ 2 వాళ్ళ రిపబ్లిక్ డే, దానికి ఆనుకున్న శని ఆదివారాల్లో రేటు పెరుగుతుంది. దసరా సెలవులకు మాత్రం అడగకండి, అప్పటికి చాలా హోటళ్ళకు తాళాలు పడతాయి. జర్మనీ, యూకే, ఐర్లండ్‌లో ఉన్న మనవాళ్ళకు ఎలాగూ జూలై, ఆగస్టులే సెలవులు. ఆగస్టు 15 ఫెర్రాగోస్తో పండగ. దానికి అటో వారం ఇటో వారం ఏడాది మొత్తంలో గరిష్ఠ రేటు, పైగా చాలా హోటళ్ళు ఏడు రాత్రులకు తక్కువైతే ఇవ్వవు. ఆగస్టు 22 దాటాక అదే గది, అదే వంట, కానీ బిల్లు వేరు.

ఇక రేటు సంగతి. మేం పంపే కొటేషన్‌లో మెత్సా పెన్సియోనె అని ఉంటే పొద్దున టిఫిను, రాత్రి భోజనం అని. తాగేవి అందులో రావు, భోజనం దగ్గర పెట్టే మంచినీళ్ళ సీసాకి కూడా విడిగా వేస్తారు. ఊరి పన్ను మనిషికి రాత్రికి ఇంత అని హోటల్లోనే కట్టాలి. ఎన్నేళ్ళ లోపు పిల్లలకు మినహాయింపో ఒక్కో ఊళ్ళో ఒక్కో రకం. కొన్నిచోట్ల ఏసీకీ, పార్కింగ్‌కీ కూడా వేరే చార్జీ. ఇకపై ఇవన్నీ కొటేషన్ కింద విడివిడిగా రాస్తాం. హోటల్ మాకిచ్చే కమిషన్ ఎంతో కూడా అక్కడే ఉంటుంది, అడగాల్సిన పని లేదు.

హోటళ్ళు రాసే బీచ్ ఫ్రీ అన్న మాట కొంచెం నిదానంగా చదవండి. రిమినిలో ఇసుక తీరం 15 కిలోమీటర్లు. ఆ పొడవునా బాన్యో అని నంబర్లున్న ప్రైవేటు బీచ్‌లే ఎక్కువ. హోటల్ ఇచ్చేది తనకు ఒప్పందం ఉన్న బాన్యోలో గదికి ఒక గొడుగు, రెండు పడక కుర్చీలు, అదీ ఎక్కువగా వెనక వరసల్లో. రెండు గదులు తీసుకున్న ఉమ్మడి కుటుంబానికి గొడుగులు పక్కపక్కన కావాలంటే ముందే రాయించాలి, అక్కడికి వెళ్ళాక కుదరదు. నీళ్ళు చాలా దూరం వరకు లోతుండవు, చిన్నపిల్లలకు ఈ తీరం నప్పేది అందుకే.

పిల్లల డిస్కౌంట్‌కి ఒక మెలిక ఉంది. మూడో, నాలుగో మంచానికి తగ్గింపు సాధారణంగా గదిలో ఇద్దరు పెద్దలు పూర్తి రేటు కడితేనే. తల్లి ఒక్కతే ఇద్దరు పిల్లలతో వెళ్తే ఒక బిడ్డకు పెద్దవాళ్ళ రేటు పడొచ్చు. వయసు చెకిన్ రోజు నాటికి లెక్కేస్తారు, పాస్‌పోర్టులు చేతికిచ్చేటప్పుడు అది బయటపడుతుంది. చంటిపిల్లల ఊయల మంచం, ఎత్తు కుర్చీ, పాలసీసాలు కాచుకునే చిన్న వంటగది ఫ్యామిలీ హోటళ్ళలో ఉంటాయి. గదిలో మాత్రం కెటిల్ ఉంటుందనుకోకండి, రైస్ కుక్కర్ పెట్టనివ్వరు. పూల్‌లో దిగాలంటే చాలాచోట్ల నెత్తికి క్యాప్ తప్పనిసరి, ఇక్కడే కొనుక్కోండి. కరెంటు మనలాగే 230 వోల్టులే, మన లావు పిన్నులకు అడాప్టర్ చాలు.

శాకాహారులు అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది భోజనాల బల్ల దగ్గర. చాలా హోటళ్ళలో మరుసటి పూట వంటకాల చీటీ ముందే ఇస్తారు, టిక్ పెట్టి ఇచ్చేయాలి. అందులో కూరగాయల పేరు కనబడగానే టిక్ పెట్టేయకండి. పచ్చి బఠాణీ కూరలో ప్రొషూత్తో అనే పంది మాంసం ముక్కలు వేస్తారు. రిసోత్తో అనే అన్నం వంటకం, సూపులు తరచూ మాంసం ఉడికించిన నీళ్ళతోనే చేస్తారు. ఆ ప్రాంతపు రొట్టె పియదీనా మన పుల్కాలా కనిపిస్తుంది గాని సంప్రదాయంగా పంది కొవ్వుతో కలిపిన పిండి అది. ఆలివ్ నూనెతో చేసినదీ ఉంటుంది, అడిగి తినాలి. చేత్తో చేసిన తల్యతెల్లె అనే పాస్తాలో గుడ్డు ఉంటుంది, ఎండు స్పగెత్తీలో మామూలుగా ఉండదు. పార్మిజానో చీజ్ కోసం పాలను దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్ అనే ఎంజైముతోనే విరగ్గొడతారు, కాబట్టి నిష్ఠగా ఉండేవాళ్ళు పైన చల్లొద్దని చెప్పాలి. ఒక్క వెజిటేరియన్ అంటే సరిపోదు, మాంసం తీసేసి ట్యూనా చేప పెట్టేవాళ్ళున్నారు. సెన్త్సా కార్నె, సెన్త్సా పేషె, సెన్త్సా వోవా అంటే మాంసం, చేప, గుడ్డు వద్దని. మేం ఇది బుకింగ్‌తోనే ఇటాలియన్‌లో పంపిస్తాం, మీరు ఓ కాపీ జేబులో పెట్టుకోండి.

సూట్‌కేసులో ఆవకాయ, కందిపొడి పెట్టుకోవచ్చు. నెయ్యి, పాలకోవా, పనీర్ పెట్టకండి, బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం యూరోపియన్ యూనియన్‌లోకి తేనివ్వరు. పసిపిల్లల పాలపొడి సీలు విప్పని డబ్బాల్లో 2 కిలోల దాకా ఫర్వాలేదు. మే నెల కదా అని బంగినపల్లి పళ్ళు సర్దుతారు, పురుగూ తెగులూ లేవని చెప్పే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ లేకపోతే అవీ, పచ్చి కరివేపాకూ ఎయిర్‌పోర్టులోనే పోతాయి.

అడ్వాన్సు విషయం. ఇటలీ హోటళ్ళు తీసుకునేది చాలావరకు కపార్రా. మీరు మానుకుంటే అది వెనక్కి రాదు. హోటలే మాట తప్పితే అక్కడి చట్టప్రకారం రెట్టింపు ఇవ్వాలి. వీసా రాకపోవడం కూడా మీరు మానుకున్నట్టే లెక్క, వేరే మాట రాసుకుంటే తప్ప. అందుకే వీసా రాకపోతే డబ్బు తిరిగివ్వడానికి రాతపూర్వకంగా ఒప్పుకున్న హోటళ్ళే మా జాబితాలో ఉంచాం. జాబితా చిన్నదైపోయింది, కానివ్వండి. ఇటలీకి కావాల్సిన షెంగెన్ వీసా అప్లికేషన్ ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి ఇవ్వొచ్చు, నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, ఒక్కోసారి 45 దాకా పడుతుంది. ఫీజు పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ళ పిల్లలకు 45, ఆరేళ్ళ లోపు లేదు. మే చివరి వారానికి వెళ్ళాలనుకుంటే ఫిబ్రవరిలోగా పాస్‌పోర్టు కాపీలు, పిల్లల పుట్టిన తేదీలు, ఎవరు ఏం తినరో పేరుపేరునా రాసి పంపండి.