ఆ రెండొందల మీటర్ల సంగతి

ఒరేయ్,

నీ ఉత్తరం అంది పది రోజులైంది. నువ్వడిగినదానికి రెండు ముక్కల్లో జవాబు రాయడం నా వల్ల కాలేదు, అందుకే ఆదివారం దాకా ఆగాను. మీ నగరంలో నడక దారుల్నీ సైకిల్ దారుల్నీ కలిపే ప్లాన్ నీ చేతికి వచ్చిందని చదివి నిజంగా పొంగిపోయాను రా. ఇలాంటి పని నీలాంటి ఓపికస్తుడికే రావాలి.

"మొత్తం ఎన్ని కిలోమీటర్లు వేస్తే సరిపోతుంది?" అన్నావు. ఆ లెక్క కాసేపు పక్కన పెట్టు. ఉన్న దారులు ఎక్కడెక్కడ తెగిపోయాయో ముందు అది రాసుకో. ఎందుకు చెబుతున్నానో తెలియాలంటే నీకొక సంగతి చెప్పాలి.

నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక కాలువ గట్టు మీద దారి వేశాం. అవతల చెరువు చుట్టూ అప్పటికే మంచి దారి ఉంది. రెండింటికీ మధ్య రెండొందల మీటర్లు, అందులో ఒక నాలుగు లేన్ల రోడ్డు. డబ్బు అయిపోయింది, ఆ ముక్క తర్వాత చూద్దామన్నారు. మ్యాప్ మీద గోరంత ఖాళీ, నేనూ సరేనన్నాను. దారి తెరిచిన నెలకు మా పాపను తీసుకెళ్లాను. దానికప్పుడు ఎనిమిదేళ్లు, సైకిల్ కొత్తగా వచ్చింది. గట్టు పొడవునా పాటలు పాడుకుంటూ తొక్కింది. రోడ్డు దగ్గరికి రాగానే కాలు కింద పెట్టి ఆగిపోయింది. దాటడానికి చారలు లేవు, సిగ్నల్ ఎక్కడో దూరంగా ఉంది, లారీలు ఆగకుండా పోతున్నాయి. ఎదురుగా చెరువు కనిపిస్తూనే ఉంది. "నాన్నా, వెనక్కి పోదాం" అంది. వచ్చేశాం. ఆ ఖాళీ పూడడానికి ఆరేళ్లు పట్టింది. అప్పటికి మా పాపకు నాతో చెరువు గట్టున తిరిగే వయసు దాటిపోయింది.

ఆ రోజు నాకు కళ్లకు కట్టినదాన్ని తర్వాత కొందరు లెక్కగట్టి చూపించారు. 2012లో పీటర్ ఫర్త్ అనే పరిశోధకుడు, ఆయనతో పనిచేసినవాళ్లు అమెరికాలోని శాన్ హోసే నగర వీధుల్ని సైకిల్ తొక్కేవాళ్లకు కలిగే టెన్షన్‌ను బట్టి నాలుగు స్థాయిలుగా విడదీశారు. పిల్లలు కూడా హాయిగా తొక్కగలిగేవి మొదటి స్థాయి, తెగించినవాళ్లు మాత్రమే వెళ్లేవి నాలుగోది. వీధుల్లో సగానికి పైగా మొదటి స్థాయివే. కానీ ప్రశాంతమైన వీధుల మీదే ఇంటి నుంచి పనికి చేరగలరా అని చూస్తే, చాలామందికి కుదరడం లేదు. ప్రతి పేటా పెద్ద రోడ్ల మధ్య దీవిలా మిగిలిపోయింది. వాళ్ల పద్ధతిలో నాకు బాగా నచ్చింది ఒకటుంది: ఒక దారిలో అన్నిటికన్నా కష్టమైన ముక్క ఏ స్థాయిదో, దారి మొత్తానికీ అదే స్థాయి ఇస్తారు. సగటు తీయరు. నువ్వూ అలాగే చెయ్యి. మూడు కిలోమీటర్ల హాయిలో ఒక్క భయంకరమైన జంక్షన్‌ను కలిపి సగటు తీస్తే కాగితం మీద బాగానే ఉంటుంది. ఆ జంక్షన్ ముందు నిలబడిన పిల్లకు సగటుతో పనేముంది?

అమెరికాలోనే పోర్ట్‌లాండ్ నగరంలో సైకిల్ ప్రణాళికలు చూసిన రోజర్ గెల్లర్ అంచనా కూడా నీ గోడకు అంటించుకో. జనంలో 60 శాతం మందికి సైకిల్ తొక్కాలని ఉంటుందట, భయంతో ఆగిపోతారట. మనం దారి వేసేది వాళ్ల కోసం. ట్రాఫిక్‌లో దూసుకుపోయేవాళ్లు మన ప్లాన్ లేకపోయినా వెళ్తారు.

కలిసిన దారులు ఏం చేస్తాయో చూడాలంటే స్పెయిన్‌లోని సెవిల్ సంగతి చూడు. 2006 ప్రాంతంలో వాళ్లు ఇక్కడో ముక్క, అక్కడో ముక్క వేయకుండా సుమారు 80 కిలోమీటర్ల దారుల్ని ఒకదానితో ఒకటి కలిపి దాదాపు ఒకేసారి కట్టేశారు. చాలాచోట్ల కార్లు నిలిపే జాగానే తీసుకుని, మధ్యలో గట్టు పెట్టి వేరు చేశారు. కొద్ది ఏళ్లలోనే సైకిల్ తొక్కేవాళ్లు ఎన్నో రెట్లు పెరిగారు. ఏడాదికి ఐదు కిలోమీటర్ల చొప్పున అక్కడక్కడా చల్లుకుంటూ పోయుంటే ఆ ఫలితం వచ్చేది కాదని నా గట్టి నమ్మకం. మీ దగ్గర డబ్బు తక్కువైతే నగరమంతా పరచకు. ఒక పక్కన నాలుగు పేటలు తీసుకుని పూర్తిగా కలుపు.

ఇక రోడ్డు దాటించే చోటు. నీ సమయంలో సగం ఇక్కడే పెట్టు. పెద్ద రోడ్డు అనగానే అందరూ "వంతెన కట్టేద్దాం" అంటారు. వాలు లెక్క వేసి చూడు. కింద లారీలు పోవాలి కాబట్టి వంతెన ఐదు మీటర్ల పైనే ఉండాలి. ముసలివాళ్లూ వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లూ ఎక్కాలంటే వాలు వందకు ఐదు దాటకూడదు. అంటే ఒక్కో పక్క వంద మీటర్ల ర్యాంప్. రోడ్డు దాటడానికి రెండొందల మీటర్లు ఎవరు తిరుగుతారు? డివైడర్ దూకుతారు. కింద నుంచి సొరంగమైతే సైకిల్ మీద మనిషికి రెండున్నర మీటర్ల ఎత్తు చాలు, పైగా దిగేటప్పుడు వచ్చిన వేగం ఎక్కేటప్పుడు పనికొస్తుంది. కాకపోతే ఇవతలి మొదట్లో నిలబడితే అవతలి చివర కనబడాలి. మలుపు ఉన్న సొరంగంలోకి సాయంత్రం ఏడు తర్వాత ఆడవాళ్లు అడుగు పెట్టరు, పెట్టమని మనం అడగకూడదు కూడా. నీళ్లు నిలిచే పల్లమైతే ఆ ఆలోచనే మానుకో.

నెదర్లాండ్స్‌లో ఐండ్‌హోవెన్ దగ్గర 2012లో తెరిచిన హోవెన్‌రింగ్ ఫొటో చూసే ఉంటావు. జంక్షన్ పైన గాల్లో వేలాడే 72 మీటర్ల వ్యాసం గల సైకిల్ రింగు. అందరూ ఆ స్తంభాన్నీ తీగల్నీ మెచ్చుకుంటారు. నాకు నచ్చింది కనబడని పని: సైకిల్ ఎక్కే వాలు తగ్గించడానికి కింద కార్ల రోడ్డునే మీటరున్నర దించారు. ఎక్కిదిగే కష్టాన్ని ఇంజన్ ఉన్నవాడికి ఇచ్చారు, కాళ్లతో వెళ్లేవాడికి తప్పించారు. ఎంత మర్యాద చూడు!

అయితే నీకు వచ్చే చోట్లలో చాలావాటికి ఇంత అవసరం పడదు. రోడ్డును దాటే చోట సన్నగా చేసి, దాటే దారిని కాస్త ఎత్తు చేసి, మధ్యలో ఆగడానికి ఒక తిన్నె కట్టించు. సైకిల్ పొడవు సుమారు మీటరున్నర నుంచి రెండు మీటర్ల మధ్య ఉంటుంది. తిన్నె వెడల్పు అంతకన్నా తక్కువైతే వెనక చక్రం లేన్‌లోనే ఉండిపోతుంది. మూడు మీటర్లు అడుగు. పట్టుబట్టి మరీ అడుగు.

పాత రైలు పట్టాల జాగా ఏమైనా ఉందేమో ముందే వెతుకు. రైలుకు ఎప్పుడూ వాలు తక్కువే కావాలి, అందుకే ఆ జాగాలో నడకా సైకిలూ హాయిగా ఉంటాయి. అమెరికాలోని అట్లాంటాలో పాత రైలు జాగాల మీదుగా నగరం చుట్టూ తిరిగే 35 కిలోమీటర్ల బెల్ట్‌లైన్ దారి మొదట 1999లో ర్యాన్ గ్రావెల్ అనే విద్యార్థి రాసిన థీసిస్. అక్కడే మినియాపోలిస్ నగరంలో మిడ్‌టౌన్ గ్రీన్‌వే అనే నడక, సైకిల్ దారి చాలా దూరం పాత రైలు కందకంలోనే నడుస్తుంది, పైన వీధులు వంతెనల మీద వెళ్లిపోతాయి కాబట్టి రోడ్డు దాటే బాధే లేదు. కానీ పక్క వీధిలో ఉన్న ఇంటివాడు కందకంలోకి దిగాలంటే ర్యాంప్ ఉండాలి కదా. నేను వీటిని తలుపులంటాను. దారి ఎంత బాగున్నా తలుపులు దూరంగా ఉంటే చుట్టుపక్కలవాళ్లకు అది కంచె కిందే లెక్క. కాబట్టి మ్యాప్ మీద దారి గీతతో పాటు తలుపుల్నీ చుక్కలుగా పెట్టు. ప్రతి బడి నుంచి, ప్రతి బస్టాపు నుంచి దగ్గరి చుక్కకు ఎంత దూరమో కొలువు.

నడిచేవాళ్లూ సైకిళ్లూ ఒకే దారిలోనా అని అడిగావు. మనుషులు పలచగా ఉండే చోట మూడు మీటర్ల దారి సరిపోతుంది. రద్దీ ఉన్నచోట విడదీయాల్సిందే, లేకపోతే ముందు మానేసేది పెద్దవాళ్లు. వెనక నుంచి చప్పుడు లేకుండా వచ్చే సైకిల్ వాళ్లకు ఎంత భయమో మా అమ్మతో నడిచినప్పుడే నాకు తెలిసింది. తెల్ల గీత గీసి వదిలేయకు. చిన్న ఎత్తు తేడా గానీ వేరే గరుకు గానీ ఉంటే చూపు లేనివాళ్ల చేతికర్రకు కూడా తెలుస్తుంది. అలాగే మోటార్ సైకిళ్లు రాకుండా దారి మొదట్లో ఇనప గేట్లు పెడదామంటారు. వాటిలో వీల్‌చైర్ పట్టదు, మోటార్ సైకిల్ మాత్రం ఎలాగో దూరిపోతుంది.

దారి చూపే బోర్డుల సంగతి టూకీగా చెప్తాను. బెల్జియంలోని లింబర్గ్‌లో హ్యూగో బోలెన్ అనే గని ఇంజనీరు, గని సొరంగాల్లో లాగే సైకిల్ దారులు కలిసే ప్రతి చోటికీ ఒక నంబరు ఇచ్చాడు. 1995లో మొదలైంది. 12, 47, 31 అని చీటీ మీద రాసుకుని బయల్దేరితే చాలు. ఊరి పేర్లు తెలియక్కర్లేదు.

ఆఫీసులో కూర్చుని మాత్రం గీతలు గీయకు రా. పసిపిల్లను కూర్చోబెట్టే తోపుడు బండి ఒకటి తీసుకుని, అందులో పది కిలోల బరువు పెట్టి, నువ్వు అనుకున్న దారంతా తోసుకుంటూ నడువు. బండి ఎత్తాల్సి వచ్చిన ప్రతి చోటా ఒక ఎర్ర చుక్క. గడ్డి మీద జనం నడిచి నడిచి పడిన కాలిబాటలు కనిపిస్తే ఫొటో తీసుకో, అక్కడ నీ సర్వే సగం వాళ్లే చేసి పెట్టారు.

వచ్చే నెల రెండో వారంలో నాకు సెలవులున్నాయి. ఈలోగా ఎర్ర చుక్కల మ్యాప్ పంపు, వచ్చి ఒక్కో చుక్క దగ్గరా నీతో నిలబడతాను. మా పాప కూడా వస్తానంటోంది. తనిప్పుడు నాకంటే వేగంగా తొక్కుతుంది. మూడు సైకిళ్లు సిద్ధంగా ఉంచు.

ఉంటాను,
నీ నేస్తం